తాడు వదిలినవాడి వాటా

స్వపరిపాలన బిల్లుకు ఈసారి కూడా కొర్రీ పడబోతోందని, చక్రపాణి గొంతు సవరించుకున్నప్పుడే దానేశ్వరికి అర్థమైపోయింది. ఆయన మహాసమాఖ్య సభ తరఫు న్యాయవాది. తెలుగువాడే. మాట మెత్తన, మనిషి మహా మర్యాదస్తుడు. ఆయన అంత మర్యాదగా గొంతు సవరించుకున్న ప్రతిసారీ గవ్వలతిప్ప దీవుల నెత్తిన ఏదో ఒక బండ పడుతూనే వచ్చింది.

"దీవి ఇప్పుడు పోటు నీళ్ళకు పైన ఉందన్న మాట మేం కాదనడం లేదండీ. దానేశ్వరిగారు సాధించింది మామూలు విషయం కాదు. అయితే అది పుట్టుకతో వచ్చిన నేల కాదు, పెంచిన నేల. ధర్మకర్తృత్వ సంస్థ ప్రయోగశాలలో తయారైంది. అంటే వస్తువు. సంస్థలో తయారైన వస్తువు సంస్థదే అవుతుంది కదండీ" అన్నాడు చక్రపాణి.

దానేశ్వరి పక్కన ఒక ముసలావిడ చేతికర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ దానేశ్వరి తల్లి నీలమ్మ, గవ్వలతిప్ప పెద్దల సభకు అధ్యక్షురాలు. రాజధానికి వచ్చినప్పుడల్లా ఈ ఏసీ గదుల్లో వణికిపోయి, ఇంటికెళ్ళాక మంచమెక్కి దగ్గుతుంది. అయినా ఒక్క విచారణ కూడా ఎగ్గొట్టలేదు.

"వస్తువేటి బాబూ? అది మా ఎముక. నీ తుంటి కోసి బల్లమీదెట్టి, ఇది సంస్థది అంటే నువ్వూరుకుంటావేటి?" అంది నీలమ్మ.

గోడకున్న అనువాద యంత్రం ఆ మాటల్ని బిల్లును విచారిస్తున్న కమిటీ అధ్యక్షురాలు మాలతీ సేన్ భాషలోకి మార్చి వినిపించింది. ఆమె నవ్వు ఆపుకుంది. "సమాఖ్య మూల శాసనం మొదటి అధికరణమే ఆ మాట చెబుతోంది చక్రపాణిగారూ. మనిషి శరీరంలో ఏ భాగమూ ఎవరికీ ఆస్తి కాదు. ఆ నేలలో ఉన్నవి దీవుల ప్రజల ఎముక కణాలేనని మన నిపుణులే ఒప్పుకున్నారు" అంది.

దానేశ్వరికి ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలోంచి తమ వైపు ఒక్క మాట పడటం ఇదే మొదలు.

గవ్వలతిప్ప దీవులు ఒకప్పుడు ఏడు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపలు పట్టేవాళ్ళను పూర్వం ఎవరో వ్యాపారులు గవ్వల కోసం ఓడల్లో అక్కడికి తీసుకెళ్ళి, పనయ్యాక వెనక్కి తేవడం సౌకర్యంగా మరిచిపోయారు. తర్వాత ఒక యుద్ధం, ఆ తర్వాత ఒక ఒప్పందం. ప్రజలు తమ కాళ్ళ మీద తాము నిలబడేదాకా దీవుల్ని మహాసమాఖ్య ధర్మకర్తగా చూసుకుంటుందని అందులో రాశారు. కాళ్ళు నిలబడ్డాయో లేదో తేల్చే పని మాత్రం కాళ్ళున్నవాళ్ళకు ఇవ్వలేదు, సభకు ఇచ్చారు. మొదటిసారి బిల్లు వెళ్తే మీకు రాజ్యాంగం లేదన్నారు. కూర్చుని రాసుకున్నారు. తర్వాత జనం చాలరన్నారు. ఊళ్ళు పట్టుకుపోయినవాళ్ళంతా పడవలెక్కి తిరిగొచ్చారు. ఆ తర్వాత, మీకు అసలు నేలే లేదన్నారు. అది మాత్రం నిజం. సముద్రం పొంగి ఒక్కో దీవినీ మింగేసింది, మిగిలిన ఒక్కటీ పోటుకు మునుగుతోంది. పోటుకు మునిగేది నేల కాదని సమాఖ్య చట్టం. నేల లేకపోతే ఏలుబడి లేదు. ధర్మకర్తృత్వం గడువు తీరేనాటికి ఏలుబడి రాకపోతే, చుట్టూ ఉన్న నీళ్ళూ అడుగున ఉన్న ఖనిజాలూ సమాఖ్యకే చెందుతాయి. ఆ గడువు ఈ సమావేశాలతో తీరిపోతోంది.

అందుకే దానేశ్వరి నేలను పెంచింది.

చక్రపాణి నిరాశపడలేదు. మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షులవారు చెప్పిందే నేనూ శిరసావహిస్తాను. అది ప్రజల ఎముకే. అయితే ఆ ఎముకల్లో, దీవుల్ని చూసుకున్న మా పాత కమిషనర్‌గారి ఎముక కూడా ఉంది. పెంపకం మొదలైన రోజున ఆయనా ఇచ్చారు, ఫొటోలు కూడా ఉన్నాయి. ఇక గవ్వలతిప్ప రాజ్యాంగం మొదటి వాక్యం చూడండి. 'తాడు మీద చెయ్యేసిన ప్రతివారికీ వలలో వాటా ఉంది.' సమాఖ్య తన అధికారి ద్వారా చెయ్యేసింది. కాబట్టి సమాఖ్యకు వాటా ఉంది. స్వపరిపాలన ఇవ్వవచ్చు, కానీ ఎప్పటికీ సమాఖ్య భాగస్వామ్యంతోనే ఇవ్వాలి."

దానేశ్వరి తల్లి వైపు చూసింది. నీలమ్మ ముఖం కందిపోయింది.

గవ్వలతిప్పలో అలివి వల లాగడం ఊరందరి పని. పడవ వెళ్ళి నీళ్ళలో వల చుట్టి వస్తుంది, రెండు తాళ్ళ కొసలు ఒడ్డున ఉంటాయి. ఆడా మగా, ముసలీ ముతకా వరసగా పట్టుకుని లాగుతారు. దారిన పోయే పరాయివాడు వచ్చి తాడు పట్టినా వాడికీ చేపల్లో వాటా పెడతారు. అయితే వల ఒడ్డుకు చేరకముందే తాడు వదిలేసి పోయినవాడికి ఏమీ రాదు. రాజ్యాంగం రాసుకునేటప్పుడు పెద్దలు మొదటి సగం గర్వంగా రాసి, రెండో సగం వదిలేశారు. అది తెలియనివాడు దీవిలో లేడు మరి. అన్నం నోటితో తినాలని ఎవరైనా రాసుకుంటారా? ఆ పొరపాటు చెయ్యడం గవ్వలతిప్పవాళ్ళకే చెల్లింది.

"తాడొగ్గీసినోడికి వాటా నేదు బాబూ" అంది నీలమ్మ గట్టిగా. "ఆయన ఫొటో దిగి పడవెక్కీసినాడు. మరి రానేదు."

"ఆ సంగతి రాజ్యాంగంలో లేదు కదమ్మా. ఇవాళ చెబుతున్నారు. చేర్చాలంటే సవరణ కావాలి, సవరణకు కొత్త బిల్లు కావాలి, కొత్త బిల్లు వచ్చే సమావేశాల్లోగానీ రాదు" అన్నాడు చక్రపాణి, ఎంతో బాధగా.

మాలతీ సేన్ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది. "ఒక వాక్యానికి ఆ ఊరి వాడుకను బట్టి అర్థం చెప్పుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. అయితే అది నోటితో చెప్పుకునే వాడుకైతే చాలదు, నడిచే వాడుకని కళ్ళకు కనబడాలి. చూపించగలరా?"

"మా నేల మీదికి రండి. చెప్పులిప్పీసి రావాల, అంతే" అంది నీలమ్మ.

*

తిరుగు ప్రయాణంలో దానేశ్వరి ఓడ అంచున నిలబడి నీళ్ళు చూస్తూ ఉండిపోయింది. కమిషనర్ తాడు వదిలేశాడని రుజువు చెయ్యడం ఆమెకు చేతనవును. అయితే ఆ రుజువు తన ఇంటి గోడను కూడా కూలుస్తుంది.

మొదట్లో ఆమె పెంచింది ఒట్టి ఆల్చిప్ప గుల్ల. సముద్రంలోని సున్నాన్ని పీల్చి పెంకు కట్టుకునే ఆల్చిప్ప గుణాన్ని, రాతి మీద పొరలు పొరలుగా పాకేలా మార్చింది. మొదటి తుపానుకే అది పలకల్లా పగిలిపోయింది. ఆ రోజు ఆమె ఒడ్డున కూలబడి ఏడుస్తుంటే భర్త ఎల్లాజీ వచ్చి పక్కన కూర్చున్నాడు. పడవ మీద నడుం వంచి బతికేవాడు, చదువుకోలేదు, భార్య చేసే పని గురించి మాత్రం ఊరంతా డప్పు కొట్టేవాడు. చిన్నప్పుడు విరిగి అతికిన తన ముంజేతిని ఆమె ముందు చాపాడు.

"ఇరిగిన సోటే గట్టిగుంది సూడు. నీ గుల్లకి అతుక్కోడం రాదే, ఎముకకొచ్చు" అన్నాడు.

అదే దారి చూపించింది. ఆల్చిప్పకు మనిషి ఎముక కణాలు తోడైతే, పగిలిన చోట తనంతట తాను అతుక్కునే గుల్ల తయారైంది. తుంటిలోంచి మొదటి ముక్క ఎల్లాజీయే ఇచ్చాడు. ఆ వెనక ఊరు ఊరంతా వరస కట్టింది. ఎవరి కణాలు వాళ్ళకు విడిగా పెంచాలని దానేశ్వరి అనుకుంటే నీలమ్మ ఒప్పుకోలేదు. వలకు ఇంటికో తాడు ఉంటుందేమిటని కోప్పడింది. అందరివీ ఒకే తొట్టెలో కలిపారు. కమిషనర్ కూడా ఫొటోల వాళ్ళతో వచ్చి, నేనూ ఇస్తానన్నాడు. అతిథి చెయ్యేస్తానంటే వద్దంటామా అని నీలమ్మే పీట వేసి కూర్చోబెట్టింది.

గుల్ల పెరిగింది. దీవి చుట్టూ గట్టు లేచింది, ఆ తర్వాత నేల లేచింది. చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్ళకు వెచ్చగా తగిలే నేల. కానీ దానికి మేత కావాలి. ఏ మనిషి కణాలు ఆ మనిషి రక్తంతోనే బతుకుతాయి. ఏటా మేత నెలలో అందరూ ఒక మందు మింగుతారు. ఆ మందుకు ఒంట్లోని ఎముక కరిగి రక్తంలోకి దిగుతుంది. ఆ రక్తం తీసి గుల్లకు పోస్తారు. ఒంట్లోంచి పోయినదంతా తిరిగి రాదు. ఊళ్ళో సగం మంది కుంటుతున్నారు. నీలమ్మ చేతికి కర్ర వచ్చింది. పడమటి గట్టు బీటలు వారిన ఏడాది ఎల్లాజీ ఎవరికీ చెప్పకుండా తన వంతుకు మించి మేత ఇచ్చాడు. ఎముకలు గుల్లబారిపోయి, పడవ దిగుతుండగా తుంటి విరిగింది. మళ్ళీ లేవలేదు.

ఆ చావు తర్వాత దానేశ్వరి రెండు పనులు పెట్టుకుంది. ఒకటి, కూతురు మాణిక్యాన్ని మేతకు రానివ్వకూడదు. రెండోది, మనిషి రక్తం అక్కర్లేని మేత కనిపెట్టాలి. కనిపెట్టింది కూడా. ఆల్చిప్పల రసంతో చేసిన మేత చిన్న ముక్క మీద పనిచేసింది. దాన్ని నేల మీద పెట్టి చూడాలంటే ధర్మకర్తృత్వ సంస్థ అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టింది, తిరిగి పెట్టింది, కాళ్ళావేళ్ళా పడింది. జవాబు లేదు. సొంత ప్రభుత్వం వస్తే ఆ అనుమతి పెద్దల సభే ఇచ్చేస్తుంది. దానేశ్వరికి స్వపరిపాలన అంటే జెండా కాదు. మాణిక్యం ఎముకలు మాణిక్యం ఒంట్లోనే ఉండటం.

*

మాణిక్యం రేవులో ఎదురొచ్చి తల్లి చేతిలోని సంచీ అందుకుంది. కాలేజీ ముగించి ఇప్పుడు గట్టు మరమ్మతుల పని చూస్తోంది. తండ్రి పోలికే, తండ్రి మొండితనమే.

"ఈ ఏడన్నా నన్ను మేతకి రానీవే అమ్మా. నా ఈడోళ్ళందరూ ఇత్తన్నారు. మీయమ్మ దాచుకుందని ఎక్కిరిత్తన్నారు."

"ఎక్కిరించనీ" అంది దానేశ్వరి. "మీ నాన్న ఇచ్చింది చాలు."

మాణిక్యం ఇంకేదో అనబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడం తన మీద గౌరవమనే దానేశ్వరి అనుకుంది.

ఇంటి ముందు నీలమ్మ చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని నిలబడింది. పోయినవాళ్ళు నేలలో బతికే ఉన్నారని గవ్వలతిప్పలో అందరి నమ్మకం. వాళ్ళ ఎముక కాళ్ళ కింద వెచ్చగా ఉంది మరి. పొద్దున్నే గడప ముందు దోసెడు నీళ్ళు పోసి పేరు పెట్టి పిలుస్తారు. "ఎల్లాజీ, తాగు నాయనా" అంటూ నీలమ్మ అల్లుడికి నీళ్ళు పోసింది.

దానేశ్వరి ఇక దాచలేకపోయింది. "అమ్మా, ఓ మాట సెప్పాల. గుల్ల ముక్క కోసి ఎవులి గుర్తుమందు ఏత్తే, బతికుంటే ఆళ్ళ కణాలు ఎలుగుతాయి. కమిషనర్‌వి ఎలగవు, ఆయన మేత పెట్టనేదు. కానీ..." ఆమె గడప ముందు తడిని చూసింది. "సచ్చిపోయినోళ్ళవి కూడా ఎలగవు. ఆళ్ళ రగతం ఆగిపోనాది కదా. ఎల్లాజీ నేలలో నేడమ్మా. నాకెప్పుడో తెలుసు."

నీలమ్మ చెంబు కింద పెట్టింది. దూరంగా ఎవరో తమ గడప ముందు ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

"కమిషనర్ని ఆర్పాలంటే మన సచ్చినోళ్ళని కూడా ఆర్పాలన్న మాట" అంది చివరికి. "అందరి ముందూనా?"

"అందరి ముందూ."

"ఆర్పీ" అంది నీలమ్మ. చేతికర్ర నేలకు కొట్టి లేచింది. "సచ్చినోళ్ళు మనల్ని సెమిత్తారు. ఈ పిల్ల గుంటలకి నేల కావాల."

*

కమిటీ పడవ దిగింది. మాలతీ సేన్ చెప్పులు విప్పి, నేల మీద అడుగు పెట్టగానే ఆగిపోయి కిందికి చూసింది. ఆ వెచ్చదనం గురించి ఆమెకెవరూ ముందే చెప్పినట్టు లేదు. చక్రపాణి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

ఒడ్డున వల లాగుతున్నారు. కమిటీ కోసం వేసిన నాటకం కాదు, రోజూ జరిగేదే. తాడు పట్టిన వరసలో ఒక ముసలాయన రొప్పుతున్నాడు. వెనక నుంచి అతని మనవరాలు వచ్చి, అతని చేతుల వెనకాలే తాడు పట్టుకుంది. ఆమె పట్టు బిగిశాకే ముసలాయన చేతులు తీసి పక్కన కూర్చున్నాడు. వల ఒడ్డుకొచ్చాక పంచేటప్పుడు ముసలాయన వాటా ముసలాయనకు పడింది. మధ్యలో ఫోను వచ్చిందని తాడు వదిలి వెళ్ళిన యువకుడొకడు ఖాళీ చేతులతో ఇంటికెళ్ళాడు. గొడవ పడలేదు, సిగ్గుపడ్డాడు. మాలతీ సేన్ ఇదంతా శ్రద్ధగా చూసింది.

"వల సంగతి సరేనండీ. వాడుక నేలకు కూడా వర్తిస్తుందని ఏమిటి నమ్మకం?" అన్నాడు చక్రపాణి.

"నేలనే అడుగుదాం రండి" అంది దానేశ్వరి.

వలల పాకకు చుట్టూ టార్పాలిన్లు కప్పి చీకటి చేశారు. ఊరంతా లోపలా బయటా కిక్కిరిసి నిలబడింది. మోసమేమీ లేకుండా, ఎక్కడ తొలవాలో చక్రపాణినే చూపించమన్నారు. రేవు పక్కన ఆయన చూపించిన చోట గొట్టంతో తొలిచి గుల్ల ముక్క తీసి, పలచని రేకులుగా కోశారు. మొదటి రేకు మీద దానేశ్వరి తన గుర్తుమందు చుక్క వేసింది. ఆకుపచ్చగా చుక్కలు చుక్కలుగా వెలుగు లేచింది. రెండో రేకు మీద నీలమ్మ మందు వేస్తే, అదీ వెలిగింది. పాకలో ఎవరో ముసిముసిగా నవ్వారు.

తర్వాతి రేకు మీద కమిషనర్ మందు వేసింది. రేకు చీకట్లోనే ఉండిపోయింది.

"ఆయన కణాలు అందులో ఉన్నాయి. కానీ చచ్చిపోయి ఉన్నాయి. మేత పెట్టని మనిషి కణాలు బతకవు. తాడు వదిలితే వాటా లేదన్నది మేం పెట్టిన షరతు మాత్రమే కాదండీ, ఈ నేల గుణం కూడా" అంది దానేశ్వరి.

చక్రపాణి గొంతు సవరించుకున్నాడు. ఆయన ఎక్కడికొస్తాడో దానేశ్వరికి తెలుసు.

"మరి చనిపోయినవాళ్ళ సంగతేమిటండీ? వాళ్ళూ వదిలేసినట్టే కదా. మీరు ఈ నేలను అడుగుతున్నదే మొదట ఇచ్చినవాళ్ళ వారసులుగా. వాళ్ళ వాటాయే ఆరిపోతే వారసులకు మిగిలేదేమిటి? మొదట ఇచ్చిన మనిషి ఎవరో, ఆయన మందు వెయ్యండి."

పాకలో కలకలం లేచింది. ఎల్లాజీ పేరు అటూ ఇటూ పాకింది. ఆ పేరుతో సీసా దానేశ్వరి చేతిలోకి వచ్చింది. ఇన్నేళ్ళూ గడప ముందు నీళ్ళు పోసినవాళ్ళంతా ఇప్పుడు తన చేతినే చూస్తున్నారని ఆమెకు తెలుసు. తన మనిషిని తన చేత్తో ఇంకోసారి చంపాలి. కళ్ళు మూసుకుని చుక్క వేసింది.

ఎవరో కెవ్వున అరిచారు. కళ్ళు తెరిచింది.

రేకు వెలుగుతోంది. తన రేకు కన్నా, నీలమ్మ రేకు కన్నా నిండుగా వెలుగుతోంది.

చక్రపాణే ముందు తేరుకున్నాడు. "చూశారా అధ్యక్షులవారూ! పోయినవాడు వెలుగుతున్నాడు. అంటే ఈ వెలుగుకూ తాడుకూ సంబంధమే లేదు. మా కమిషనర్‌గారి కణాలు వేరే ఏ కారణం వల్లనో..."

"సంబంధం ఉంది" అంది దానేశ్వరి. "పోయినవాడి కణాలు బతకాలంటే అతని రక్తమే కావాలి. లేకపోతే అందులో సగం ఉన్న రక్తం. కన్నబిడ్డ రక్తం. అదీ, సొంత కణాలు ఈ నేలలో లేని బిడ్డదైతేనే." ఆమె తలతిప్పి జనంలో వెతికింది. "మాణిక్యం!"

మాణిక్యం ముందుకొచ్చింది. జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. మోచేతి మడతలో సూది గుర్తులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచే?"

"నాన్న పోయిన ఏటినుంచీ. మేత నెలలో మందు మింగి, రాత్రుళ్ళు నానే తీసి పోత్తన్నాను" అంది మాణిక్యం. కళ్ళనీళ్ళు కారుతున్నా తల మాత్రం దించలేదు. "అమ్మమ్మ రోజూ నీళ్ళు పోసి పిలుత్తాది కదా. నాన్న పలక్కపోతే బాగోదని... నాన్న చేతులెనకాల నాను పట్టుకున్నాను. తాడొగ్గనేదమ్మా."

కొట్టాలని దానేశ్వరి చెయ్యి లేచింది. ఆ చెయ్యే వెళ్ళి కూతురి మణికట్టు పట్టుకుంది. ఎంత సన్నంగా ఉందో అప్పుడు తెలిసింది. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ తాను చూడనే లేదు. దానేశ్వరి అందరి ముందూ పెద్దగా ఏడ్చేసింది.

నీలమ్మ ఏడవలేదు. మేత పెట్టె తెరిచి, ఎముక తీసే పొడుగాటి సూది బయటకు తీసి బల్ల మీద పెట్టింది. పక్కన పీట వేసింది.

"తెలుగోడివే గదా బాబూ, నీకు యంత్రం అక్కర్నేదు" అంది చక్రపాణితో. "మీ సమాఖ్యకి వాటా కావాలన్నావు. కాదనం. తాడు మీద చెయ్యేసినోడికి వాటా ఉందని మేమే రాసుకున్నాం. మీ కమిషనర్‌కి బిడ్డలుంటే పంపండి. నేదా మీరే కూకోండి. ఇవాళ తుంటిలోంచి చిన్న ముక్క, ఏటా మందూ రగతమూ. నా కూతురు మొగుణ్ణిచ్చింది. నా మనవరాలు చెప్పకుండా ఎముకలిచ్చింది. మీలో ఎవులిత్తారు?"

మాలతీ సేన్ మెడలోని యంత్రం ఆ మాటల్ని మెల్లగా ఆమె చెవిలో చెప్పింది. కమిటీ సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన ఎందుకో తన తుంటి తడుముకున్నాడు. చక్రపాణి సూదిని చూస్తూ నిలబడ్డాడు. గొంతు సవరించుకోలేదు. పీట ఖాళీగానే ఉండిపోయింది.

"సమాఖ్య వాటా గురించిన అభ్యంతరాన్ని కొట్టేస్తున్నాను. బిల్లు యథాతథంగా సభకు వెళ్తుంది" అంది మాలతీ సేన్. పాక కప్పు ఎగిరిపోయేలా కేకలు లేచాయి. ఆ గోల తగ్గేదాకా ఆగి, దానేశ్వరి దగ్గరకొచ్చింది. "సభలో ఇంకా చర్చ ఉంటుంది, ఓట్లు ఉంటాయి. అక్కడ మరో అభ్యంతరం రాదని నేను మాట ఇవ్వలేను. కొంచెం ఓపిక పట్టండి."

దానేశ్వరి కళ్ళు తుడుచుకుంది. చేతిలో ఇంకా కూతురి మణికట్టు ఉంది.

"ఓపిక మా ఎముకల్లోంచి పోతోందండీ. ఆల్చిప్పల మేతకు అనుమతి కోసం సంస్థను అడిగి అడిగి అలిసిపోయాను. రేపు పొద్దున పడమటి గట్టు మీద ఆ మేత పెడుతున్నాను. మీ సభ ఓటేసినా వెయ్యకపోయినా పెడతాను. ఇక నుంచి నా కూతురి రక్తం ఒక్క చుక్క కూడా ఇందులో పడదు."

"అది ధర్మకర్తృత్వ చట్టానికి విరుద్ధం" అంది మాలతీ సేన్ నెమ్మదిగా. "ఈ మాట నేను విననట్టు ఉండటమే మీకు మంచిది."

"వినండి. చక్రపాణిగారి చేత రాయించండి కూడా. దొంగతనంగా చెయ్యడం లేదు, చెప్పే చేస్తున్నాను."

మాలతీ సేన్ చక్రపాణి వైపు తిరిగి, రాసుకోమన్నట్టు తలూపింది.

బయట సాయంత్రపు వల పడింది. జనం పాకలోంచి నేరుగా ఒడ్డుకు పరిగెత్తారు. మాణిక్యం తాడు పట్టుకోబోతుంటే దానేశ్వరి ఆమెను పక్కకు జరిపి, ఆమె చేతుల వెనకాలే తాను పట్టుకుంది. పట్టు బిగిశాక, "ఇప్పుడొగ్గీయే, కూకో" అంది. మాణిక్యం ఒక్క క్షణం తటపటాయించి చేతులు తీసింది.

రేవు దగ్గర బూట్లు చేత్తో పట్టుకుని చక్రపాణి పడవ కోసం నిలబడ్డాడు. తాడు కొస ఆయన పాదాల దాకా వచ్చి పడి ఉంది.

"చెయ్యేత్తావేటి బాబూ?" అని నీలమ్మ అక్కణ్ణుంచే కేకేసింది.

ఆయన తాడు వైపు చూశాడు, పడవ వైపు చూశాడు. పడవెక్కాడు.

"లాగండే!" అంది నీలమ్మ. వల కదిలింది.